మూత తెరిచినంక గ్నోమ్ ఎక్స్‌టెన్షన్ ఆగిపోతున్నదా? ముందు స్క్రీన్ లాక్‌ను అనుమానించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మహబూబ్‌నగర్‌లో ఎరువుల దుకాణం, లెక్కలు చూసే ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 (లినక్స్ సిస్టమ్), గ్నోమ్ 46 (దాని డెస్క్‌టాప్), వేలాండ్ సెషన్ (తెర మీద బొమ్మ చూపే కొత్త పద్ధతి). పైన ప్యానెల్‌లో నెట్ స్పీడు, సీపీయూ వేడి, వాతావరణం చూపే ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నరు. మధ్యాహ్నం మూత మూసి భోజనానికి పోయి మూడు గంటలకు తెరిస్తే ఒకరోజు అంకెలు అట్లనే గడ్డకట్టి ఉంటయి, ఇంకోరోజు అదే ముక్క పక్కపక్కన రెండుసార్లు కనిపిస్తది, వాతావరణం దగ్గర మాత్రం దాదాపు రోజూ చుక్కలే. లాగౌట్ అయి వస్తే అంతా మామూలే. రెండుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా గుణం లేదు.

తీసి పెట్టినా మారకపోవడంలో వింత లేదన్నా. దిగేది అదే కోడు, సెట్టింగులు డీకాన్ఫ్‌లో (గ్నోమ్ అమరికలు దాచుకునే చోట) అట్లనే ఉంటయి. లాగౌట్‌తోటి బాగవుతున్నదంటే డిస్కు మీద ఫైళ్లు మంచిగనే ఉన్నయి, షెల్ (ప్యానెల్, కిటికీలు చూపే గ్నోమ్ ప్రోగ్రాము) నడుస్తుండగా దాని లోపలి స్థితి చెడుతున్నది. ఇదే బాధకు డీకాన్ఫ్ మొత్తం రీసెట్ కొట్టమని ఎవరన్నా చెప్తే వినకండి. మీ డెస్క్‌టాప్ అమరికలన్నీ పోతయి, ఈ జబ్బు మిగులుతది.

మీరు చెప్పిన మూడు లక్షణాలకు కారణాలు వేరువేరు. వాటిని విడదీయకుండా ఏ మందు వేసినా ఒకటి తగ్గి ఇంకోటి మిగులుతది.

కింద ఆదేశాలన్నీ పలికే తీరులో తెలుగులో రాస్తున్నా. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలె. అడ్డగీత, చుక్క, ఏటవాలు గీత ఎక్కడున్నవి అక్కడే ఉండాలె.

లాక్ పడితే ఏం జరుగుతది

గ్నోమ్ ఎక్స్‌టెన్షన్ అంటే జావాస్క్రిప్ట్ కోడు. అది వేరే ప్రోగ్రాముగా నడవదు, గ్నోమ్ షెల్ ప్రాసెస్ కడుపులోనే నడుస్తది. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కు ఎనేబుల్, డిసేబుల్ అని రెండు ఫంక్షన్లు ఉంటయి. మనం స్విచ్ నొక్కినప్పుడే అవి నడుస్తయని చాలామంది అనుకుంటరు. నిజానికి స్క్రీన్ లాక్ అయిన ప్రతిసారీ షెల్ డిసేబుల్‌ను పిలుస్తది, మీరు పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రాగానే ఎనేబుల్‌ను పిలుస్తది. ఎక్స్‌టెన్షన్ వివరాలుండే మెటాడేటా.జేసన్ ఫైలులో సెషన్-మోడ్స్ కింద అన్‌లాక్-డైలాగ్ అని రాసుకున్నవాటికే మినహాయింపు.

మామూలు అమరికల్లో మూత మూస్తే సస్పెండ్ (యంత్రం నిద్ర)తోపాటు లాక్ కూడా పడుతది. అంటే మీరు చేసేది ఒక్క పనే అయినా లోపల రెండు పనులు జరుగుతున్నయి. నింద మాత్రం సస్పెండ్ మీదనే పడుతది, ఎందుకంటే కంటికి కనిపించేది అదే.

కాబట్టి మొదటి పరీక్షకు నిద్రతో పనే లేదు. ఎక్స్‌టెన్షన్ మంచిగ నడుస్తుండగా సూపర్ బటన్, ఎల్ కలిపి నొక్కండి. పది సెకన్లు ఆగి పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రండి. ఇట్ల ఐదారుసార్లు చెయ్యండి, ఒక్కసారితోటి తేల్చకండి. వాతావరణం తెచ్చుకుంటున్న క్షణంలో లాక్ పడితేనే బయటపడే తప్పులు ఉంటయి, అవి మొదటి నాలుగుసార్లు దొరకకపోవచ్చు. అంకెలు ఆగినా, ముక్క రెండయినా, ప్యానెల్ నుంచి మాయమైనా తప్పు లాక్ దారిలో ఉన్నట్టే.

రెండోది లాక్ లేని ఒట్టి నిద్ర. తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసుకొని ఇది కొట్టండి:

సుడో ఆర్‌టీసీవేక్ -ఎమ్ మెమ్ -ఎస్ 60

60 సెకన్లు నిద్రపోయి యంత్రం తనంతట తానే లేస్తది. ఈ ఆదేశం నేరుగా కెర్నెల్‌కు (సిస్టమ్ మూల ప్రోగ్రాముకు) చెప్తది. సిస్టమ్‌డీ లాగిన్డీకి (లాగిన్, నిద్ర చూసుకునే సర్వీసు) గాని, షెల్‌కు గాని కబురు పోదు. అందుకే లాక్ పడదు, డిసేబుల్ నడవదు. నెట్‌వర్క్ మేనేజర్‌కు కూడా నిద్ర కబురు అందదు కాబట్టి వైఫై సంగతి ఈ పరీక్షతో తేల్చొద్దు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు సొంత డ్రైవర్ ఉన్న యంత్రంలో దీన్ని వదిలేయండి. ఆ డ్రైవర్‌కు ముందుగా కబురు అందకుండా నిద్రపుచ్చడం మంచిది కాదు.

మూడోది అసలు జరిగే తీరు. ముందు అలారం పెట్టి, తర్వాత మామూలు దారిలో నిద్రపుచ్చాలె:

సుడో ఆర్‌టీసీవేక్ -ఎమ్ నో -ఎస్ 60
సిస్టమ్‌సీటీఎల్ సస్పెండ్

దీంట్లో మూత మూసినప్పటిలాగనే కబుర్లన్నీ పోతయి, లాక్ పడుతది. రెండో పరీక్షకు, దీనికి తేడా తెలియక చాలామంది రెండోదాన్నే పట్టుకొని "నా దగ్గర ఏ ఇబ్బందీ లేదు" అని తీర్మానం చేస్తరు.

మొదటి పరీక్షలోనే చెడితే లాక్ తప్పు. మొదటిది బాగుండి రెండోది చెడితే గడియారం, సెన్సర్, డ్రైవర్ వైపు చూడాలె. రెండూ బాగుండి మూడోదే చెడితే అనుమానం నెట్‌వర్క్ మీదికి, లేకపోతే నిద్రకు ముందు సగంలో ఆగిన పని మీదికి పోవాలె. మీ గుర్తులు చదివితే నాకు లాక్ తప్పు ఒకటి, నెట్‌వర్క్ తప్పు ఒకటి కనిపిస్తున్నయి. గడ్డకట్టిన అంకెల సంగతి లాగ్ చూడకుండా చెప్పలేం.

లాగ్‌లో ఏం వెతకాలె

మూడో పరీక్ష అయిన వెంటనే:

జర్నల్‌సీటీఎల్ -బి -ఓ షార్ట్-ప్రిసైజ్ --సిన్స్ "-10మిన్"

దీంట్లో ముందు కెర్నెల్ రాసే రెండు వరుసలు పట్టుకోండి: "పీఎమ్: సస్పెండ్ ఎంట్రీ", "పీఎమ్: సస్పెండ్ ఎగ్జిట్". తర్వాత గ్నోమ్-షెల్ పేరుతోటి వచ్చే "జేఎస్ ఎర్రర్" వరుస ఎక్కడ పడిందో చూడండి. ఎంట్రీకి ముందే పడితే డిసేబుల్‌లో తప్పు. ఎగ్జిట్ తర్వాత, మీరు పాస్‌వర్డ్ కొట్టకముందే పడితే డిసేబుల్ అయినంక కూడా ఏదో టైమరో, నెట్ రిక్వెస్టో బతికి ఉన్నట్టు. పాస్‌వర్డ్ కొట్టినంక పడితే ఎనేబుల్‌లో తప్పు. ఎర్రర్ మాటల కన్నా అది పడ్డ సమయమే ఎక్కువ చెప్తది.

మాటల్లో రెండు రకాలు తరచుగా కనిపిస్తయి. ఒకటి, ఫలానా ఆబ్జెక్ట్ "హాజ్ బీన్ ఆల్రెడీ డిస్పోజ్డ్" అనేది. ప్యానెల్ నుంచి తీసేసిన లేబుల్ మీద ఎవరో ఇంకా రాయబోతున్నరని దాని అర్థం. రెండోది "ఎక్స్‌టెన్షన్ పాయింట్ కాన్‌ఫ్లిక్ట్" అని మొదలయ్యేది. పాత ఇండికేటర్ (ప్యానెల్‌లో కనిపించే ముక్క) పోకుండానే అదే పేరుతోటి కొత్తది పెట్టబోతే షెల్ ఒప్పుకోదు, ఎక్స్‌టెన్షన్ ఎర్రర్ స్థితిలోకి పోతది.

మరి మీ దగ్గర రెండు ముక్కలు ఎట్ల కనిపిస్తున్నయి? షెల్ ఇచ్చిన యాడ్ టు స్టేటస్ ఏరియా దారిలో ఒకే పేరుతోటి రెండోది పెట్టడం కుదరదు. రెండు కనిపిస్తున్నయంటే ఆ ఎక్స్‌టెన్షన్ ప్రతిసారి కొత్త పేరు పుట్టిస్తుండాలె, లేకపోతే షెల్‌ను అడగకుండా ప్యానెల్ కుడి డబ్బాలోకి నేరుగా తోస్తుండాలె. ఎక్స్‌టెన్షన్.జేఎస్ తెరిచి "రైట్‌బాక్స్" అన్న మాట వెతకండి. దొరికితే తప్పు దాని చుట్టుపక్కలనే ఉంటది.

ఎర్రర్ కింద వచ్చే వరుసల్లో ఫోల్డరు పేరు కూడా చూడండి. మీరు అనుమానించేది ఒకటి, అక్కడ ఉండేది ఇంకోటి కావొచ్చు. ఎక్స్‌టెన్షన్లు వరుసలో ఎక్కుతయి. మధ్యదాన్ని దించాల్సి వస్తే షెల్ దాని తర్వాత ఎక్కినవాటిని కూడా వెనుక నుంచి ఒక్కొక్కటిగా దించి, తర్వాత మళ్లీ ఎక్కిస్తది. ఒకటి దిగేటప్పుడు ప్యానెల్‌ను సరిగ్గ వదలకపోతే దెబ్బ పక్కదానికి తగులుతది. అందుకే మిగతా ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి, ఇదొక్కటే పెట్టి, లాగౌట్ అయి వచ్చి మొదటి పరీక్ష మళ్లీ చెయ్యండి. ఒంటరిగా మంచిగ నడిస్తే దోషి ఇంకెక్కడో ఉన్నది. ఆపినవాటిలో సగం సగం తెరుచుకుంటూ పోతే నాలుగైదు విడతల్లో దొరుకుతది. ఉబుంటు తనతోటి తెచ్చే డాక్‌ను, డెస్క్‌టాప్ ఐకాన్లను మర్చిపోకండి. అవి కూడా ఎక్స్‌టెన్షన్లే, కాకపోతే ఉండేది /యూఎస్ఆర్/షేర్/గ్నోమ్-షెల్/ఎక్స్‌టెన్షన్స్ కింద.

లాక్ తప్పును సరిచేయడం

నియమం ఒక్కటే. ఎనేబుల్‌లో పెట్టిన ప్రతిదాన్నీ డిసేబుల్‌లో తియ్యాలె. తప్పిపోయేవి మాత్రం ఎప్పుడూ ఇవే.

టైమర్. జీలిబ్ (గ్నోమ్ వాడే లైబ్రరీ) టైమ్‌అవుట్ పెట్టినప్పుడు ఒక నంబరు తిరిగి వస్తది. దాన్ని దాచుకొని, డిసేబుల్‌లో సోర్స్ రిమూవ్‌కు ఇచ్చి, దాచిన చోట నల్ (ఖాళీ) పెట్టాలె. ఇది మర్చిపోతే లాక్ తీసిన ప్రతిసారీ ఒక టైమర్ కలుస్తది. రెండు సెకన్లకొకసారి నడవాల్సిన లెక్క, రోజుకు పదిసార్లు లాక్ అయితే సాయంత్రానికి రెండు సెకన్లలో పదకొండుసార్లు నడుస్తది. పొద్దున మంచిగ ఉన్న ల్యాప్‌టాప్ మాపటికి మందగించడానికి ఇది కూడా ఒక కారణం.

సిగ్నళ్లు, అంటే ఏదన్నా జరిగినప్పుడు వచ్చే కబుర్లు. కనెక్ట్ చేసిన ప్రతిదానికీ డిస్‌కనెక్ట్ ఉండాలె. గ్నోమ్ షెల్ కోడులో కనెక్ట్‌ఆబ్జెక్ట్, డిస్‌కనెక్ట్‌ఆబ్జెక్ట్ అని జత ఉన్నది. పేరులో ఆబ్జెక్ట్‌కు ఓ పెద్దక్షరం. అది వాడితే నంబర్లు దాచుకునే పని తప్పుతది.

ఇంక అన్నిటికన్నా సతాయించేది సగంలో ఆగిన పని. వాతావరణం కోసం సర్వర్‌ను అడిగి జవాబు కోసం చూస్తుండగా మీరు మూత మూసినరు అనుకోండి. లాక్ పడ్డది, డిసేబుల్ నడిచింది, లేబుల్ పోయింది, యంత్రం నిద్రపోయింది. మూడు గంటలకు లేవగానే ఆ ఆగిన రిక్వెస్టు కదిలి జవాబో, ఎర్రరో తెస్తది. దాని తర్వాతి వరుసలో లేబుల్ మీద రాయి అని ఉంటది, లేబుల్ లేదు. ఎనేబుల్ లోపలే అవెయిట్ (జవాబు కోసం ఆగే మాట) పెట్టి, జవాబు వచ్చినంక ఇండికేటర్‌ను ప్యానెల్‌లో పెట్టేలా రాస్తే ఇంకా పాడు: డిసేబుల్‌కు తీసేయడానికి అప్పటికి ఏమీ ఉండదు, లేచినంక పాత ఎనేబుల్ ఒక ముక్క పెడుతది, అన్‌లాక్‌తోటి కొత్త ఎనేబుల్ ఇంకోటి పెడుతది. ఒకరోజు రెండు కనిపించి ఇంకోరోజు కనిపించకపోవడానికి ఇది సరిగ్గ అతుకుతది, ఎందుకంటే అది మీరు మూత మూసిన క్షణం మీద ఆధారపడి ఉన్నది. మందు: ఇండికేటర్‌ను ఎనేబుల్ మొదట్లోనే, దేనికీ ఆగకుండా పెట్టాలె. ప్రతి రిక్వెస్టుకు జీఐఓ క్యాన్సలబుల్ (మధ్యలో ఆపే మీట) ఒకటి ఇచ్చి, డిసేబుల్‌లో దాన్ని క్యాన్సిల్ చెయ్యాలె. అవెయిట్ తర్వాత మొదటి వరుసలోనే ఇండికేటర్ ఇంకా ఉన్నదా అని చూసుకొని, లేకపోతే వెనక్కి తిరగాలె.

కోడు దిద్దినంక స్విచ్ ఆపి వేస్తే కొత్త కోడు వస్తదనుకోకండి. షెల్ ఒకసారి ఎక్కించుకున్న మాడ్యూల్‌ను ఆ సెషన్ అంతా దాచుకుంటది. వేలాండ్‌లో షెల్‌ను మాత్రమే రీస్టార్ట్ చేసే దారి లేదు, లాగౌట్ కావాల్సిందే. ఎక్స్11 (వేలాండ్‌కు ముందటి పద్ధతి) సెషన్‌లో అయితే ఆల్ట్, ఎఫ్2 నొక్కి ఆర్ కొడితే సరిపోతది. మాటిమాటికి లాగౌట్ కాలేకపోతే గ్నోమ్ 46లో కిటికీలో ఇంకో షెల్ తెరవొచ్చు:

డీబస్-రన్-సెషన్ -- గ్నోమ్-షెల్ --నెస్టెడ్ --వేలాండ్

గ్నోమ్ 49 నుంచి నెస్టెడ్ బదులు డెవ్‌కిట్ అని రాయాలె.

దిద్దే ముందు ఫోల్డరుకు కాపీ తీసి పేరు మార్చండి. మీ హోమ్‌లో .లోకల్/షేర్/గ్నోమ్-షెల్/ఎక్స్‌టెన్షన్స్ కింద ఉంటది. ఫోల్డరు పేరు, మెటాడేటాలో యూయూఐడీ (ఎక్స్‌టెన్షన్ గుర్తింపు పేరు) రెండూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలె, లేకపోతే షెల్ దాన్ని ఎక్కించుకోదు. పాత పేరుతోనే ఉంచితే రేపు అప్‌డేట్ వచ్చి మీ దిద్దుబాటును తుడిచేస్తది. ఇంటర్నెట్‌లో దొరికే పాత సలహాలు చూసి కోడు రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: 2023లో వచ్చిన గ్నోమ్ 45తోటి ఇంపోర్ట్ పద్ధతి మొత్తం మారింది. ఉబుంటు 22.04లో ఉన్న గ్నోమ్ 42కు రాసింది మీ 46లో నడవదు.

కొందరు మెటాడేటాలో అన్‌లాక్-డైలాగ్ కలిపితే చాలంటరు. అట్ల చేస్తే లాక్‌లో డిసేబుల్ నడవదు కాబట్టి తప్పు బయటపడదు, అంతే. ఆ ముక్క లాక్ స్క్రీన్ మీద కూడా కనిపించొచ్చు. దుకాణంలో పదిమంది కళ్ల ముందున్న యంత్రానికి నేనైతే వద్దంట.

వాతావరణం దగ్గర చుక్కలు

ఇది పూర్తిగా వేరే సంగతి. పాస్‌వర్డ్ కొట్టగానే ఎనేబుల్ నడిచి వెంటనే సర్వర్‌ను అడుగుతది. అప్పటికి వైఫై ఇంకా రౌటర్‌తో చేతులు కలుపుతుంటది. సర్వర్ పేరు వెతికే దగ్గరనే ఫెయిలవుతది, చుక్కలు పెడుతది, మళ్లీ అడిగేది అరగంట తర్వాత. మన దగ్గర దీనికి కరెంటు కూడా తోడైతది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నది, రౌటర్‌కు ఇన్వర్టర్ లైను లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మొదటి నుంచి లేవాలె. వైఫై దొరికినా బయటి లైను ఎక్కేదాకా నెట్ ఉండదు.

లేచిన వెంటనే ఇది కొట్టి చూడండి:

ఎన్ఎమ్‌సీఎల్‌ఐ నెట్‌వర్కింగ్ కనెక్టివిటీ చెక్

"ఫుల్" అని వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. ఎక్స్‌టెన్షన్ అంతకన్నా ముందే అడిగి ఊరుకుంటే తప్పు దొరికినట్టే. కోడులో దీనికి జీఐఓ నెట్‌వర్క్ మానిటర్ ఉన్నది. దాని నెట్‌వర్క్-చేంజ్డ్ సిగ్నల్ వచ్చినప్పుడు మళ్లీ అడిగించాలె. చాలామంది ఇక్కడ నెట్‌వర్క్-అవైలబుల్ ఒక్కటి చూస్తరు. రౌటర్ వరకు దారి దొరికితే చాలు అది అవునంటది, రౌటర్ బయట ఏమున్నదో దానికి పట్టదు. కనెక్టివిటీ విలువ ఫుల్ అయిందా అన్నదే చూడాలె. దానితోపాటు ఫెయిలైతే 5 సెకన్లకు, 15కు, 60కి మళ్లీ ప్రయత్నించేలా పెడితే చాలు. అంతకన్నా గట్టిగా సర్వర్‌ను బాదితే ఉచిత వాతావరణ సేవలు మిమ్మల్నే ఆపేస్తయి.

చోటును తనంతట తానే కనుక్కోమని పెట్టి ఉంటే అది కూడా మార్చండి. ఐపీ అడ్రసును బట్టి చూస్తే మనకు హైదరాబాద్ అని రావడం మామూలే. పాలమూరుకు వంద కిలోమీటర్ల దూరంలో వాన పడితే మీ దుకాణం మీద గొడుగు చూపిస్తది. చుట్టుపక్కల వైఫైలను బట్టి చోటు చెప్పే మొజిల్లా సేవ 2024లో మూతపడ్డది, దాని మీద ఆధారపడ్డ పాత అమరికలు ఊరికే ఎదురుచూస్తయి. సెట్టింగుల్లో అక్షాంశం, రేఖాంశం నేరుగా రాయండి: మహబూబ్‌నగర్‌కు 16.74, 77.99. నల్గొండ దుకాణంలో యంత్రం ఉంటే 17.05, 79.27.

లాక్ లేకుండా నిద్రపోయే యంత్రాల్లో ఇంకో తమాషా ఉన్నది. జీలిబ్ టైమర్లు నడిచే గడియారం నిద్రలో ఆగుతది. అరగంట టైమర్‌లో 20 నిమిషాలు గడిచినంక మూడు గంటలు నిద్రపోతే, లేచినంక ఇంకో 10 నిమిషాలు ఆగాలె. టైమర్ చెడలేదు, దాని లెక్కలో మూడు గంటలు గడవలేదు. అటువంటి చోట లాగిన్డీ పంపే ప్రిపేర్‌ఫర్‌స్లీప్ సిగ్నల్ వినాలె. నిద్రకు ముందు ట్రూ అని, లేచినంక ఫాల్స్ అని వస్తది.

గడ్డకట్టిన అంకెలు

వేడి అంకె ఆగినప్పుడు ప్యానెల్‌ను నమ్మకుండా కెర్నెల్‌నే అడగండి. /సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యూమాన్ కింద హెచ్‌డబ్ల్యూమాన్0, 1, 2 అని ఫోల్డర్లు ఉంటయి. ఒక్కోదాంట్లో నేమ్ అనే ఫైలు చూడండి. ఇంటెల్ సీపీయూ అయితే కోర్‌టెంప్, ఏఎమ్‌డీ అయితే కే10టెంప్ అని ఉంటది. దాంట్లోనే టెంప్1_ఇన్‌పుట్ చదివితే 47000 లాంటి అంకె వస్తది, వెయ్యితో భాగిస్తే 47 డిగ్రీలు. రెండు మూడుసార్లు చదివితే ఆ అంకె మారుతూ ఉండి ప్యానెల్‌లోది కదలకపోతే తప్పు ఎక్స్‌టెన్షన్‌ది. ఫైలు చదవడమే ఎర్రర్ ఇస్తే డ్రైవర్‌ది.

ఆ ఫోల్డరు నంబరుకు స్థిరం లేదు. వైఫై కార్డు, ఎన్‌వీఎమ్ఈ డిస్కు కూడా అక్కడ తమ సెన్సర్లను పెట్టుకుంటయి. నిద్ర లేచేటప్పుడు ఏదన్నా పరికరం పోయి మళ్లీ వస్తే దాని నంబరు మారొచ్చు. ఎక్స్‌టెన్షన్ సెట్టింగుల్లో దారి నంబరుతో సహా రాసి ఉంటే అది లేని ఫైలును చదవబోయి ఊరుకుంటది. నేమ్‌ను బట్టి వెతికేది ఎంచుకోండి, లేదా అట్ల దిద్దుకోండి.

నెట్ స్పీడు మైనస్‌లో చూపినా, ఒక్కసారి సున్నాకు పడి లేచినా అది వేరే లెక్క. లేచినంక ఇంటర్‌ఫేస్ కౌంటర్ మళ్లీ సున్నా నుంచి మొదలైతే పాత అంకెను తీసేసేటప్పుడు మైనస్ వస్తది. ఒక విడత వదిలేస్తే సర్దుకుంటది, దానికి కంగారు అక్కర్లేదు.

ఇంకొకటి. మూత తెరవగానే 70 డిగ్రీలు చూపిస్తే దాన్ని ఎక్స్‌టెన్షన్ తప్పు కింద కొట్టెయ్యకండి. /సిస్/పవర్/మెమ్_స్లీప్ చదవండి. చదరపు బ్రాకెట్లలో ఎస్2ఐడిల్ ఉంటే మీ యంత్రం పూర్తిగా నిద్రపోదు, కునుకు తీస్తది. ఎండకాలం సంచిలో పెట్టుకొని బండి మీద జడ్చర్ల దాకా పోతే నిజంగనే వేడెక్కుతది. డీప్ అని కూడా పక్కన ఉంటే దానికి మార్చుకోవచ్చు, లేకపోతే దూరం పోయేటప్పుడు షట్‌డౌన్ చెయ్యడమే నయం.

ఎక్స్‌టెన్షన్‌ది కాని తప్పులు

ఐకాన్లు చెదిరి, అక్షరాలు రంగుల మచ్చలైతే అది ఎన్విడియా డ్రైవర్ పని. నిద్రలో వీడియో మెమరీ పోతది. ఎన్విడియా మాడ్యూల్‌కు ప్రిజర్వ్ వీడియో మెమరీ అలొకేషన్స్ అనే ఆప్షన్ 1గా ఉండాలె, ఎన్విడియా-సస్పెండ్, ఎన్విడియా-రెజ్యూమ్ సర్వీసులు రెండూ ఎనేబుల్ అయి ఉండాలె. ఆ మెమరీని దాచే చోటు మామూలుగా /టెంప్ (ఇంగ్లిష్‌లో టీ, ఎమ్, పీ మాత్రమే). అది ర్యామ్‌లో ఉండే సిస్టమ్‌లో /వార్/టెంప్‌కు మార్చి, కార్డు మెమరీ కన్నా కనీసం 5 శాతం ఎక్కువ ఖాళీ ఉన్నదో చూడండి.

ఒక్కటి కాదు, ఎక్స్‌టెన్షన్లన్నీ ఒకేసారి మాయమైతే షెల్ పడిపోయి లేచింది. క్రాష్ అయినప్పుడు గ్నోమ్ ముందుజాగ్రత్తగా అన్నిటినీ ఆపే ఏర్పాటు ఉన్నది. ఎక్స్‌టెన్షన్స్ యాప్ పైన ఉన్న పెద్ద స్విచ్ ఆగి ఉంటదది. వేసే ముందు /వార్/క్రాష్‌లో గ్నోమ్-షెల్ పేరుతో ఫైలు పడిందా చూడండి. పడితే ఎక్స్‌టెన్షన్ కోడు వెతకడం దండగ, ముందు గ్రాఫిక్స్ డ్రైవర్, కెర్నెల్ చూడాలె.

కోడు ముట్టుకోకుండా తాత్కాలికంగా

అన్‌లాక్ అయినంక పది సెకన్లకు ఎక్స్‌టెన్షన్‌ను ఒకసారి ఆపి వేయిస్తే చుక్కల బాధ, గడ్డకట్టే బాధ చాలావరకు తీరుతయి. రెండుసార్లు కనిపించేది దీంతో పోదు, ఎందుకంటే ఆ అనాథ ముక్క డిసేబుల్ చేతికి అందదు.

దీనికి సిస్టమ్‌డీ సిస్టమ్-స్లీప్ ఫోల్డరులో స్క్రిప్టు పెట్టమని సలహాలు కనిపిస్తయి. అది రూట్‌గా (సిస్టమ్ యజమానిగా) నడుస్తది, మీ సెషన్ బస్సు (ప్రోగ్రాములు కబుర్లు పంపుకునే దారి) దానికి అందదు. యూజర్ సర్వీసు రాసి స్లీప్.టార్గెట్‌కు కట్టినా పని కాదు. ఆ టార్గెట్ సిస్టమ్ వైపే ఉంటది, యూజర్ వైపు ఉండదు. రెండూ ఎట్లనో నడిచినా అప్పటికి లాక్ ఉంటది, ఎక్స్‌టెన్షన్ ఆగే ఉంటది, ఆపి వేయడానికి అర్థం లేదు. వినాల్సింది అన్‌లాక్ కబురు:

జీడీబస్ మానిటర్ --సెషన్ --డెస్ట్ ఆర్గ్.గ్నోమ్.స్క్రీన్‌సేవర్ --ఆబ్జెక్ట్-పాత్ /ఆర్గ్/గ్నోమ్/స్క్రీన్‌సేవర్

స్క్రీన్‌సేవర్ అన్నచోట రెండు ఎస్‌లూ పెద్దక్షరాలు. దీన్ని టెర్మినల్‌లో నడిపి ఒకసారి లాక్ చేసి తియ్యండి. తీసినప్పుడు యాక్టివ్‌చేంజ్డ్, పక్కన బ్రాకెట్లో ఫాల్స్ అని వరుస పడాలె. పడితే దాన్ని బ్యాష్ వైల్ రీడ్ లూపులోకి పైపు చేసి, ఆ వరుస వచ్చినప్పుడు స్లీప్ 10, గ్నోమ్-ఎక్స్‌టెన్షన్స్ డిసేబుల్, స్లీప్ 1, గ్నోమ్-ఎక్స్‌టెన్షన్స్ ఎనేబుల్ వరుసగా నడిపించండి. రెండిటి పక్కన యూయూఐడీ రాయాలె. గ్నోమ్-ఎక్స్‌టెన్షన్స్ లిస్ట్ కొడితే అది కనిపిస్తది. స్క్రిప్టుకు రన్ చేసే అనుమతి ఇచ్చి స్టార్టప్ అప్లికేషన్స్‌లో కలపండి. రౌటర్ లేవడానికి ఎక్కువ సమయం పట్టే చోట 10ని 90 చేసుకోండి.

ఎక్స్‌టెన్షన్ రాసినవాళ్లకు చెప్పేటప్పుడు "సస్పెండ్ తర్వాత పనిచేయదు" అని ఒక్క వరుస రాస్తే వాళ్లకు ఏమీ దొరకదు. గ్నోమ్ వెర్షన్, ఎక్స్‌టెన్షన్ వెర్షన్, మూడు పరీక్షల్లో ఏది చెడింది, మిగతా ఎక్స్‌టెన్షన్లు ఆపినా చెడుతున్నదా, సస్పెండ్ ఎంట్రీ వరుస నుంచి మొదటి జేఎస్ ఎర్రర్ కింద ఉన్న వరుసల దాకా లాగ్. అది పెట్టే ముందు వైఫై పేరు, యూజర్ పేరు తుడిచెయ్యండి, లాగ్‌లో రెండూ ఉంటయి.